రమ్మందుమా, పొమ్మందుమా?

మేడ మీద మాగాయ ముక్కలు ఆరబోసి చెయ్యి దులుపుకుంటున్నాను. కింద వీధిలో ఎవరో ఎండుటాకులు ఊడ్చి కుప్పకి నిప్పు పెట్టినట్టున్నారు, పొగ వాసన పైదాకా వచ్చింది. నేను చూస్తుండగానే నా చెయ్యి పిట్టగోడ మీది దుమ్ము చిటికెడు తీసి గాలిలోకి వదిలేసింది. దుమ్ము తూర్పుకి పోయింది, అంటే గాలి పడమటి నుంచి వీస్తోంది. అది తెలిశాక గాని నేను పిట్టగోడ వదల్లేదు. "అనకాపల్లిలో ఏ కొండ తగలబడుతుందని నీ భయం?" అని మా ఆయన ఏటా నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. చైత్రం వచ్చిందంటే నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాను. అది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, బుద్రమ్మక్క దగ్గర అబ్బింది.

నా మొదటి ఉద్యోగం అరకు లోయలో. జీపు దిగి, వాగు దాటి, కొండ వారన నడిచి చేరాల్సిన ఊరు. బడికి టీచర్ని నేనొక్కదాన్నే. బుద్రమ్మక్క ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో ఉండేదాన్ని. బుధవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. సన్నగా, చామనఛాయగా, నడుముకి ఎప్పుడూ కత్తితో కనిపించేది. "టీచరమ్మా" అని మర్యాదగా పిలుస్తూనే "నువ్వు" అనేది. ఆ కొండల మీద కలెక్టరైనా "నువ్వే" లెండి.

ఆమెకి రెండు చోట్ల సాగు ఉండేది. కింద, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోట. దానికి పైన, మరిది సోమన్నతో కలిసి చేసే పోడు. పోడంటే కొండవాలులో తుప్పలు నరికి, ఎండనిచ్చి, నిప్పుపెట్టి, ఆ బూడిదలో సామలూ చోళ్ళూ చల్లడం. ఎండలు మొదలయ్యాక కాఫీ మొగ్గకి ఒక వాన పడాలి, లేకపోతే మొగ్గ కొమ్మ మీదే మాడిపోతుంది. పోడుకేమో తుప్పలు కాలేదాకా చినుకు పడకూడదు, తడిస్తే అంటుకోవు. రెండింటికీ అవే వారాలు, ఒకటే ఆకాశం. అందుకే కొండ మీద మబ్బు కనిపిస్తే చాలు, ఆమె నా గుమ్మంలోకి వచ్చి నిలబడేది. "ఏటి టీచరమ్మా, రమ్మందుమా, పొమ్మందుమా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. మనం పిలిస్తే వచ్చి, కసిరితే పోయేది మేక గాని మబ్బా అనుకునేదాన్ని.

ఒకసారి మా పిన్ని కూతురు, భర్తతో కలిసి విశాఖపట్నం నుంచి నన్ను చూడ్డానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి చేతులు చాపి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందే!" అంది. అప్పుడే అడ్డాకుల మోపుతో వస్తున్న బుద్రమ్మక్క ఆగి నన్ను అడిగింది.

"ఏటంతంది?"

"ఇక్కడ మనసుకి హాయిగా ఉందంటోందక్కా."

ఆమె కొండవైపు చూసింది, మా చెల్లెలి వైపు చూసింది. "ఈ నెలంతా ఉండీమను. అప్పుడడుగుదుము, హాయిగున్నాదో నేదో," అని మోపు సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్ళిపోతున్న ఆ మనిషిని కూడా మా చెల్లెలు వెనక నుంచి ఫోటో తీసింది. ఆ రోజు నుంచి ప్రశాంతం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాగని ఆమెకి అందం పట్టదనుకోకండి. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక మధ్యాహ్నాలు నన్ను ఇంట్లో ఉండనిచ్చేది కాదు. "బేగి రా టీచరమ్మా, కుసుమ సిగురేసింది," అని లాక్కుపోయేది. నిజమే, కుసుమ చెట్టు ఆ నెలలో ఆకు వేసిందంటే పూసిందనే అనుకుంటాం, అంత ఎరుపు. "ఎంత బాగున్నాదో సూడు" అని నోరు తెరుచుకుని చూసేది. అంతలోనే తిరిగి తూర్పు కొండల మీద ఏమున్నదో చూసేది, తోటలో మొగ్గలు వేళ్ళతో తడిమేది, ఎండిందో లేదోనని తుప్పల్లో ఒక పుల్ల విరిచి చప్పుడు వినేది. ఇప్పపువ్వు రాలుతున్నా, పనస కాయలు ఊరుతున్నా ఆమెకి సంబరమూ దిగులూ ఒకేసారి వచ్చేవి. కాసేపు కూర్చోవచ్చు కదక్కా అంటే, "ఇయన్నీ తిరగతా ఉంటే నాను కూకుంటానేటి?" అనేది.

నాకూ అప్పుడు కాలు నిలిచేది కాదు. కానీ నా గోల వేరు. ట్రాన్స్‌ఫర్ ఎప్పుడొస్తుందా, ఈ కొండ దిగి ఎప్పుడు పోతానా అని. ఆమె ఆరాటమంతా అక్కడే ఉన్నవాటి గురించి. ఆ రెండూ ఒకటి కావని తెలిసింది నేనక్కడున్న ఆఖరి వేసవిలో.

ఆ ఏడు వాన తొందరపడింది. ఉగాది వెళ్ళిందో లేదో, ఒక సాయంత్రం వడగళ్ళతో దబదబా కురిసి వెళ్ళిపోయింది. సోమన్న తల పట్టుకున్నాడు, పోడు తుప్పలన్నీ తడిసిపోయాయి. పది రోజులు తిరక్కుండానే కాఫీ తోట తెల్లగా విచ్చుకుంది. నాటిన నాటి నుంచీ అంత పూత రాలేదట. వాసన మా బడిలోకి వచ్చేది. పిల్లలు ఎక్కాలు మధ్యలో ఆపి ముక్కులు ఎగబీల్చేవారు. సరిగ్గా పువ్వు విచ్చిన వేళకే పైన తుప్పలూ మళ్ళీ ఎండాయి. తూర్పున మళ్ళీ మబ్బు లేచింది.

సోమన్న పొద్దున్నే వచ్చాడు. "వదినా, ఈ పూట అంటించకపోతే మరి అంటదు. ఇంకో వాన పడిందంటే ఈ ఏడు సామల్లేవు."

"రెండ్రోజులు ఆగరా. పువ్వు రాలి పిందె పట్టనీ. ఇప్పుడంటిత్తే సెగకే మాడిపోద్ది."

"నాను ఆగుతాను. మబ్బు ఆగుద్దేటి?"

అతను గట్టిగా కూడా అనలేదు. ముగ్గురు పిల్లలవాడు. ఏడాదంతా వాళ్ళ కంచాల్లోకి వచ్చేది ఆ వాలులో పండేదే. అతను వెళ్ళాక ఆమె తోటలోకీ పోడుమీదికీ ఎన్నిసార్లు తిరిగిందో. ఆఖరికి నా గుమ్మంలోకి వచ్చింది. "ఏటి టీచరమ్మా, రమ్మందుమా, పొమ్మందుమా?" ఆ పూట ఆ మాటలో వేళాకోళం లేదు. నాకేం తెలుసక్కా అన్నాను. నా మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె పనీపాటా లేకుండా కూర్చోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

కాసేపటికి లేచి, తన పొయ్యిలోంచి నిప్పు కొరివి తీసింది. "పద. ఆడి గుంటలు కాపీ తాగి బతకరు గదా."

"సోమన్న అంటిస్తాడుగా, నువ్వెందుకక్కా?"

"ఆడంటిత్తే, రేపు నా పువ్వు మాడితే ఆడి మీద కోపం ఉండిపోద్ది. నానంటిత్తే నా మీదే గదా."

తోటకీ పోడుకీ మధ్య ఆకు ఊడ్చిన బాట పొడుగునా ఊరి ఆడవాళ్ళంతా పచ్చికొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. బుద్రమ్మక్క దుమ్ము చిటికెడు తీసి వదిలింది. గాలి కొండ మీదికే పోతోంది. నిప్పు పెట్టింది. మంట వాలంతా పాకుతూ పైకి పోయింది. గండం గడిచిందనుకున్నాం. కొనలు కాలుతుండగా గాలి తిరిగింది. పోడు అంచున కాలకుండా మిగిలిన ఎండుటాకుల్లోంచి మంట మావైపు దిగి వచ్చింది. కళ్ళు కనపడని పొగలో కొట్టాం, కొట్టాం, ఎవరి కొమ్మ ఎవరికి తగులుతోందో తెలియకుండా కొట్టాం. ఆరిపోయాక చూస్తే తోటలో పై వరస పోయింది. పొద్దున్న మల్లెపూలలా ఉన్న పూత వేగిన జీలకర్ర రంగుకి తిరిగింది. మిగతాది నిలిచింది.

ఆమె ఏడవదనుకున్నాను. ఏడ్చింది. కొమ్మ కొమ్మా తడుముతూ, ముక్కు చీదుకుంటూ, వెక్కి వెక్కి ఏడ్చింది. సోమన్న దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు. అప్పుడు పడింది వాన. వేడి బూడిద మీద చుయ్యిమంటూ పడింది. బుద్రమ్మక్క తలెత్తి, "ఇప్పుడొచ్చినావేటే దొంగముండా!" అని మబ్బుని తిట్టింది. తిడుతూనే నవ్వేసింది. సోమన్నా నవ్వాడు. నేను తడిసి, మసి కారుతూ, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా వాళ్ళ మధ్య నిలబడ్డాను. అంత బతికి ఉన్నట్టు నాకు ఇంకెప్పుడూ అనిపించలేదు.

ఆ వేసవిలోనే నేను కోరుకున్న ట్రాన్స్‌ఫర్ వచ్చింది, వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఏటా చైత్రంలో మబ్బు పడితే ఫోన్ వచ్చేది. బాగున్నావా అని ఉండదు, ఎవరని ఉండదు. "రమ్మందుమా, పొమ్మందుమా?" అంతే. మిగతా నెలల్లో నేను చేస్తే తప్ప ఆమె చేసేది కాదు.

వాన రాకడ, ప్రాణం పోకడ అంటారు. పోయినేడు మంచాన పడిందన్న కబురూ, పోయిందన్న కబురూ నాకు ఒకేసారి అందాయి. తోటా పోడూ ఇప్పుడు సోమన్నే చూస్తున్నాడు. ఈ చైత్రం నాకు ఎవరూ ఫోన్ చెయ్యరని, ముక్కలు ఆరబోస్తున్నంతసేపూ అదే బెంగ. పడమట మబ్బు లేస్తోంది. పక్కింటావిడ తన మేడ మీంచి, వాన పడితే బాగుణ్ణు, చల్లబడుతుంది అంటోంది. నా ముక్కలకి ఇంకా ఎండ కావాలి.

ఫోన్ మోగింది.

"టీచరమ్మా, నాను, సోమన్నని."

"పోడు అంటించావా?"

"నేదు. వదిన తోట పూసింది. కాలిన ఆ పై వరస కూడా పూసీసింది. వదినుంటే ఈపాటికి తనే కొరివి తెచ్చీసును. నాకు సెయ్యి రాలేదమ్మా. రెండూ సూసుకోడం ఎలాగుంటాదో ఆమె ఉన్నన్నాళ్ళూ నాకు తెలీనేదు."

"మబ్బు ఉందా?"

"నెత్తిమీదే ఉన్నాది. ఏటి టీచరమ్మా, రమ్మందుమా, పొమ్మందుమా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. "రెండు రోజులు ఆగమందాం," అన్నాను.

"పొద్దుటికాణ్ణించీ నానూ దానికి అదే సెప్తన్నాను," అన్నాడు సోమన్న.