డాక్టరు గారి హస్తవాసి

ఒక మనిషి ప్రాణం, ఇంకో మనిషి పేరు. రెండూ నా వల్లే పోయాయి. ఇన్నేళ్లూ ఆ సంగతి నా ఒక్కడికే తెలుసు. భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. గుడికి వెళ్లి దేవుడి ముందు నిలబడినా, దీని జోలికి పోకుండా మిగతావన్నీ చెప్పుకుని వచ్చేసేవాణ్ణి. మోసీ మోసీ అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో, విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్‌కు దగ్గరగా ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ల్యాబ్ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, నేను. డాక్టరు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ సర్జను. ఎక్కువ మాట్లాడేవారు కాదు. కానీ ఆయనది మంచి హస్తవాసి అని పేరు. మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, పోర్టు కళాసీలు, జాలరిపేట ఆడవాళ్లు పెద్దాసుపత్రిని దాటుకుని మరీ ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆ బాబు సెయ్యేత్తే సాలు, తగ్గిపోద్ది అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే నాకూ గర్వంగా ఉండేది. ఆ గర్వంలో నాకు వాటా ఉందనుకునేవాణ్ణి.

ఆపరేషన్‌కి ముందు ప్రతివాళ్లకీ నేను రెండు పరీక్షలు చెయ్యాలి. ఒకటి, రక్తం గడ్డకట్టే సమయం. సన్నటి గాజు గొట్టంలోకి రక్తం తీసుకుని, దాన్ని కొంచెం కొంచెంగా విరుస్తూ, లోపల దారంలా తీగ సాగేదాకా చూడాలి. రెండోది, రక్తం ఆగే సమయం. చెవి తమ్మెను సూదితో గుచ్చి, ఉండుండి ఫిల్టర్ పేపర్ అంచు అద్దుతూ ఉండాలి. మరక చిన్నదవుతూ చిన్నదవుతూ, చివరికి అద్దినా కాగితం తెల్లగానే ఉండిపోవాలి. కష్టమేమీ లేదు, ఓపిక కావాలంతే. ఆ ఓపిక మాలో ఎవరికీ ఉండేది కాదు. నేను పని నేర్చుకున్న చోట కూడా ఒకటి రెండుసార్లు అద్ది, దూది చేతికిచ్చి పంపేసి, అందరికీ వేసే మామూలు అంకెలే వేసేవారు. ఎవరికైనా మామూలుగానే వస్తుంది కదా? నాకూ అదే అలవాటైంది. అలవాటైన తప్పు తప్పులా కనబడదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఊరంతా జ్వరాలు. ఒళ్లు విరగ్గొట్టినట్టు నొప్పులు, కళ్ల వెనక పోటు. కొన్నాళ్లు మంచాన పడేసి దానంతటదే పోయేది. పొద్దస్తమానం మలేరియా కోసం స్లైడ్లు చూసీ చూసీ నా కళ్లు మండిపోయేవి. ఎర్నాయుడు వచ్చింది అప్పుడే. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి పోర్టులో కళాసీగా చేస్తున్నవాడు. ముప్ఫై ఏళ్లు ఉండవు. బరువులెత్తి గజ్జలో హెర్నియా దిగింది. అతనికీ ఆ జ్వరం వచ్చి తగ్గింది. ఎలాగూ పని మానేసి ఇంట్లోనే ఉన్నాను, ఇదీ చేయించేసుకుంటే ఒకేసారి డ్యూటీలోకి పోవచ్చని వచ్చాడు. జ్వరం పూర్తిగా పోయిందా అని డాక్టరు గారు రెండుసార్లు అడిగారు. పోయిందన్నాడు. అయితే పరీక్షలు చూసి చేద్దామని నా దగ్గరికి పంపారు. వెంట అతని భార్య నూకాలు వచ్చింది.

నేను చెవి గుచ్చుతుంటే ఆమె పక్కనే నిలబడి నెమ్మదిగా అడిగింది.

"జొరం తగ్గిపోనాది గానీ బాబూ, పళ్లు తోముకుంతంటే నెత్తురొత్తంది. ఏటి, పర్నేదా?"

"వేడి చేసుంటుంది. మజ్జిగ తాగించు" అన్నాను.

ఆమె సరేనని తలూపింది. ఆ మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు. ఎందుకంటుంది? తెల్లకోటు వేసుకున్నవాడు ఫరవాలేదని చెప్పేశాడు కదా. ఆమె ఆ మాట డాక్టరు గారికి చెప్పకుండా ఆపింది నేనే.

గడ్డకట్టే పరీక్ష నిజంగానే చేశాను. గొట్టంలో తీగ వేళకే సాగింది. రెండోదానికి మాత్రం రక్తం ఆగేదాకా ఉండలేదు. దూది గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పి, మామూలు అంకెలు వేసి రిపోర్టు పంపేశాను.

మర్నాడు ఆపరేషన్ అయింది. కుట్లు వేశాక కూడా లోపల నెత్తురు ఊరుతూనే ఉంది. ఏదైనా నాళం తెగిందేమోనని డాక్టరు గారు కుట్లు విప్పి మళ్లీ చూశారు. ఏదీ తెగలేదు. ఒకచోటని కాదు, గాయమంతా చెమట పట్టినట్టు నెత్తురు. పెద్దాసుపత్రి నుంచి రక్తం తెప్పించి ఎక్కించారు. ఎక్కించింది ఎక్కించినట్టే బయటికి వచ్చింది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఎర్నాయుడు పోయాడు. నూకాలు వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయింది. నేను వెనక గుమ్మం నుంచి ఇంటికి వెళ్లిపోయాను.

తర్వాత పుస్తకాలు తెచ్చుకుని చదివాను. గాయమైన చోటికి ముందు పరుగెత్తుకొచ్చి అడ్డుపడేవి ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు. కొన్ని వైరస్ జ్వరాలు ఎముక మూలుగలో అవి తయారు కాకుండా చేస్తాయి. ఒక్కోసారి జ్వరాన్ని చంపడానికి ఒంట్లో పుట్టిన శక్తే పొరబడి వాటినీ చంపేస్తుంది. అందుకే జ్వరం పోయాక కూడా చిగుళ్లలోంచి నెత్తురు రావచ్చు. గాజు గొట్టంలో మాత్రం రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. చెవికి అద్దిన కాగితం మీది మరకే అసలు సంగతి చెప్పాలి. తెలిస్తే ఆపరేషన్ వాయిదా వేసేవారు. చాలామందికి కొన్ని వారాల్లో ఆ కణాలు వాటంతటవే పెరుగుతాయట. కొన్ని వారాలు ఆగితే చాలు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను.

పోర్టులో మాట పాకింది. ఆ బాబు సెయ్యి సెడిపోనాది అన్నారు. వచ్చేవాళ్లు తగ్గారు. ఆపరేషన్ గది తలుపు రోజుల తరబడి తీసేవాళ్లు కాదు. ఒక సాయంత్రం డాక్టరు గారు నా గదిలోకి వచ్చారు. ఎప్పుడూ రారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏమయ్యా, ఆ పోర్టతనికి రక్తం ఆగేదాకా చూశావా?"

"చూశానండీ."

"అయితే నా చెయ్యే" అన్నారు.

నన్ను అనుమానించలేదు. ఇంకోసారి అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణా? ఏమో. చెప్పేవాణ్ణని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, కానీ నన్ను నేను ఎరుగుదును కాబట్టి ఆ మాట నమ్మలేను. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? పోలీసులని భయపడ్డానా? ఆ రెండూ ఉన్నాయి. కానీ అంతకంటే ముందు నాకు కలిగింది తేలిక. ఆయన తన మీద వేసుకున్నారు, నేను బయటపడ్డాను అనిపించింది. సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే.

ఆయన మళ్లీ కత్తి పట్టలేదు. దగ్గులకీ పడిశాలకీ మందులు రాస్తూ కొన్నాళ్లు గడిపి, నర్సింగ్ హోమ్ మూసేసి సొంతవూరు వెళ్లిపోయారు. వెళ్లేముందు గాజువాకలో ఒక కంపెనీ డిస్పెన్సరీ వాళ్లతో నా గురించి మాట్లాడి ఉద్యోగం వేయించారు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కుర్రాడు నమ్మకస్తుడని చెప్పారట. ఆ నమ్మకం మీదే నా ఇల్లు నడిచింది. ఎనభైల చివర్లో ద్వారకా నగర్ బస్టాండులో నర్సింగ్ హోమ్‌లో పనిచేసిన మా పాత ఆయమ్మ కనబడి, డాక్టరు గారు పోయారని చెప్పింది. అయ్యో అన్నాను. బస్సెక్కి కూర్చున్నాక, ఇక నన్ను అడిగేవాళ్లు లేరని తట్టింది.

ఇంతదూరం వచ్చాక ఇంకా దాచుకుని ఏం చేస్తాను? రక్తం ఆగేదాకా ఉండలేదని పైన రాశాను. అది సగం నిజం. ఆ రోజు నేను మామూలు కంటే ఎక్కువసేపే ఉన్నాను. కాగితం తిప్పి తిప్పి అద్దాను. మరక చిన్నదవలేదు. నాకు అర్థమైంది. డాక్టరు గారికి చెప్పాలి, మళ్లీ స్లైడ్ వెయ్యాలి, ప్లేట్‌లెట్లు లెక్కపెడుతూ ఆ మైక్రోస్కోపు ముందు ఇంకా కూర్చోవాలి. కళ్లు మండుతున్నాయి. ఇంటికి పోవాలనిపించింది. అంతకు మించిన కారణం కోసం జీవితమంతా వెతికాను. లేదు.

నూకాలు ఎక్కడుందో తెలియదు. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. ఒక్కమాట మాత్రం ఎవరో ఒకరికి చెప్పాలి, అది మీకు చెబుతున్నాను. డాక్టరు గారి చెయ్యి మంచిదే.