అమ్మ ‘నువ్వు’ అన్న రోజు

నాన్నకి రైల్వేలో బదిలీ అయి మేము బెజవాడ నుంచి మెట్టుగూడ వచ్చేసరికి నాకు పదేళ్లు. సామాను ఇంకా బండి మీదే ఉంది. పక్కింటావిడ తల మీద కొంగు సర్దుకుంటూ వచ్చి అమ్మని పలకరించింది.

“ఎప్పుడు దిగినవ్? చాయ్ తాగుతవా?”

అమ్మ ముఖం ముడుచుకుంది. మిషన్ బడిలో పంతులమ్మగా చేసిన మనిషి. మా ఊళ్లో పెద్దవాళ్లు కూడా ఆమెని ‘మీరు’ అనే పిలిచేవారు.

“వద్దండీ, మీకెందుకు శ్రమ” అంది. ఈసారి ఆవిడ ముఖం చిన్నబోయింది.

వాళ్లు ముస్లింలు. జనగామ వైపు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ఇంట్లో తెలుగే. భర్త బొల్లారంలో దర్జీ. నైజాం రాజ్యంలో మాట తీరే అంతని నాన్న చెప్పినా అమ్మ మనసు కుదుటపడలేదు. ఆవిడ “ఏం కూర చేసినవ్?” అంటే “బీరకాయండీ” అని లోపలికి వచ్చేసేది.

చివరికి ఒకరోజు పంపు దగ్గర ఆవిడే అడిగేసింది.

“నేనేమన్న తప్పు చేసిన్నా అమ్మా? గిట్ల అండీ అండీ అంటవేంది, పరాయిదాని లెక్క?”

అమ్మ బిందె కింద పెట్టింది. “అయ్యో, అది మా వైపు మర్యాదండీ. మీరు నువ్వు అంటుంటే నన్ను లెక్కచేయడం లేదేమో అనుకున్నాను.”

“మా దిక్కు సొంతోళ్లనే నువ్వు అంటం.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రం అమ్మ వాళ్లింట్లో చాయ్ తాగి వచ్చింది. ‘నువ్వు’ అనడానికి మాత్రం అమ్మకి నోరు రాలేదు. అమ్మ ‘అండీ’ అన్నప్పుడల్లా ఆవిడ ముసిముసిగా నవ్వేది.

మరుసటి ఏడు పోలీసు చర్య జరిగి నైజాం రాజ్యం ఇండియాలో కలిసింది. సైన్యం వచ్చిందని వీధిలో కొందరు మిఠాయిలు పంచారు. ముస్లింల మీద దాడులు జరుగుతున్నాయన్న మాట కూడా వినిపించింది, పక్కింటి తలుపు తెరుచుకోలేదు. బొల్లారం వెళ్లిన దర్జీ తిరిగి రాలేదు. పొయ్యి వెలిగిన జాడ కూడా లేకపోయేసరికి అమ్మ వెళ్లి తలుపు తట్టింది. లోపల చప్పుడు లేదు.

“నేనే. తలుపు తియ్యి. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా నువ్వు?”

గడియ తీసిన చప్పుడైంది. ఆవిడ అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

“భయమైతుంది.”

“నాకూ భయంగానే ఉంది. మా ఇంటికి రా, కలిసి ఉందాం.”

అలా ఆవిడ మాతోనే ఉంది. సాయంత్రం మేము ప్రార్థనకి మోకరిల్లితే, ఆవిడ లోపలి గదిలో చాప మీద నమాజు చేసుకునేది. నాన్న సైకిలు మీద బొల్లారం వెళ్లి వాకబు చేశారు. దర్జీ చేత బట్టలు కుట్టించుకునే ఒక ఇంటివాళ్లు ఆయన్ని తమ దగ్గరే దాచారు. దారిలో ఇక ఫరవాలేదని తెలిశాక నాన్నే వెంటబెట్టుకొచ్చారు.

గడపలో ఆయన్ని చూసి ఆవిడ పరుగున ఎదురెళ్లింది. అమ్మ గబగబా అన్నం వడ్డించింది. ఆయన తింటున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చుని, కొంగుతో మెల్లగా విసురుతూనే ఉంది.