మా పంతులుగారి తెల్లగీత వ్యాజ్యం

సూర్యాపేట వకీలు నరసింహారావు పంతులుగారు మొన్న పరమపదించారు. కబురు విన్నప్పటి నుంచి వ్యాజ్యం కాగితాలే తిరగేస్తున్నాను. శోకమా, భయమా అంటే రెండూ, భయమే ఎక్కువ. సోమవారం హైదరాబాదులో తెల్లగీత వ్యాజ్యం విచారణ. గురువుగారి స్థానంలో నిలబడి వాదించవలసినవాణ్ణి, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న వకీలును, నేనే.

గోల్ఫు ఆటలో బంతిని చివరికి గుంటలోకి నెట్టే కర్ర ఒకటుంటుంది. కోదాడ వెంకటాచారి దాని తలమీద, బంతి పోవలసిన దిక్కుకు గురిగా, తెల్లగీత చెక్కి పేటెంటు కోరాడు. సికింద్రాబాదు వర్తకుడొకడు అడ్డుపడ్డాడు. తాపీమేస్త్రీలు దారం పట్టి గోడ కట్టడం లేదా, ఈ గీత ఎవరికైనా తట్టేదే, అలాంటిదానికి పేటెంటు చెల్లదని అతని వాదం. పంతులుగారు చారి తరఫు వకీలు; ఓడితే చారి తన చిన్న కార్ఖానా మూసుకోవాలి.

పంతులుగారి తర్కవైదుష్యం పుస్తకాల్లో కన్నా వరండాలో బాగా ప్రకాశించేది. వచ్చినవారి చేతికి గీతలేని కర్ర ఇచ్చి, నేలమీద పక్కకు వాల్చిన చెంబులోకి బంతిని కొట్టమనేవారు. బంతి పక్కకు పోయేది. "సక్కగ పోవాలంటె ఏం జెయ్యాలె?" అని అడిగేవారు. ఒకరు బరువు పెంచమన్నారు, ఒకరు పిడి కురచ చేయమన్నారు. మిర్యాలగూడ తాపీమేస్త్రీ మల్లయ్య, జేబులో దారపుండ ఉన్నవాడే, "బంతే వంకరున్నది పంతులూ" అన్నాడు. అప్పుడు తువ్వాలు కింద దాచిన చారి కర్ర బయటికి తీశారు.

"ఓస్, గింతేనా! గిది ఎవలకు తెల్వది?" అన్నాడు మల్లయ్య.

పంతులుగారు కడుపు పట్టుకుని నవ్వి, నావైపు తిరిగారు. "సూసినంక అందరికీ తెలుస్తది నాయనా. సూడకముందే అడగాలె."

ఊళ్లలో అల్లర్లు రేగి, తుపాకుల చప్పుడుకు తలుపులు వేసుకునే ఈ రోజుల్లోనూ ఆయన ఒక్క వాయిదా తప్పలేదు. ఒకసారి వాయిదాకు వెళ్లే బస్సులో నేను బిక్కచచ్చి కూర్చుని, "మీకు భయమైతలేదా?" అన్నాను.

"అయితది. గని వాయిదాకు భయం తెల్వదు గద, పోవాలె."

నిన్న పరామర్శకు వచ్చినవారంతా ఒకటే మాట. "పంతులుగారి దగ్గు ఇన్నప్పుడే అనుకున్నం, ఇగ దక్కరని. తెల్సిందే గద!" నాకు ఒళ్లు మండింది. ఆ దగ్గు రోజూ నేనూ విన్నాను, ఆయన ఇల్లాలు అమ్మగారూ విన్నారు, వైద్యుడు కషాయమిచ్చి వెళ్లాడు. ముందు ఒక్కరికైనా తెలిసిందా?

వాళ్లు వెళ్లాక గీతలేని కర్ర, బంతి, చెంబు, తువ్వాలులో చుట్టిన చారి కర్ర సంచిలో సర్దాను. వాటినే న్యాయాధికారి ముందు పెట్టి, చూడకముందే అడుగుతాను. ఆ ప్రశ్న వేసే గంభీరకంఠం ఇక లేదు. అటువంటిది మళ్లీ పుట్టదు. నా గొంతుతోనే అడగాలి.

గురువుగారూ, మీ పాదాలకు నమస్కారం. చాలా భయమైతున్నది. అయినా సోమవారం పోతున్న.