చివరి జట్టు గోల్‌కీపరుకు నేను వెయ్యని ఓటు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా మేనల్లుడు సాక్చి బజారు నుంచి చేపలు పట్టుకుని వచ్చాడు. నెలకోసారి తెస్తాడు. తెచ్చిన ప్రతిసారీ ముళ్ళు తక్కువ ఉన్నవే ఏరి తెచ్చానంటాడు, తిన్న ప్రతిసారీ నా గొంతులో ఒకటి గుచ్చుకుంటుంది. వంటింటి గట్టు దగ్గర నిలబడి కవరు ముడిని కుడిచేత్తోనూ పళ్ళతోనూ విప్పుతున్నాడు. గోవింద్‌పూర్‌లో వాడు కాంట్రాక్టు పని చేసే చిన్న వర్క్‌షాపులో నాలుగేళ్ళ కిందట ఎడమచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి, అప్పట్నుంచీ అవి వంగవు. ముందుగదిలో టీవీ మోగుతోంది. కోట్లు తొడుక్కున్న నలుగురు పెద్దమనుషులు గొంతు చించుకుంటున్నారు. పెద్ద ఫుట్‌బాల్ లీగులో ఈ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు ఎవరికివ్వాలి? కప్పు గెలిచిన జట్టులోని కొత్తవాడికా, అట్టడుగున మిగిలిన జట్టులో ఉండి కూడా బాగా ఆడినవాడికా? నేను గబగబా రిమోట్ కోసం వెతికాను. మా ఇంట్లో రిమోట్ అవసరం లేనప్పుడు మాత్రమే కనిపిస్తుంది. వాడు చేతులు కడుక్కుని వచ్చి సోఫాలో కూర్చుని, "రహనే దో అత్తా, చూద్దాం" అన్నాడు. ఉండనిమ్మన్నాడు కదా అని ఉండనిచ్చాను.

ఎందుకో చెప్పాలంటే ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో నేను ముప్ఫై ఏళ్ళు బడిలో పీటీ టీచర్ని. ఈల ఊది ఊది ఇంట్లో కూడా మాట్లాడటం మర్చిపోయానని మావారు ఎగతాళి చేసేవారు. రిటైరయ్యాక కాలు నిలవక, ఊళ్ళో జరిగే లీగుకి స్కోరు రాయడానికి ఒప్పుకున్నాను. జీతాలిచ్చి ఆడించే జట్లు ఎనిమిది. వానాకాలంలో మొదలయ్యేది, ఎర్రమట్టి బురదలో ఇరవై ఇద్దరూ ఒకే రంగు చొక్కా తొడుక్కున్నట్టు కనిపించేవాళ్ళు. నేను గొడుగు కింద కుర్చీ వేసుకుని, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు తొడిగిన నోటుపుస్తకం పెట్టుకుని, గోలు కొడితే గీత, గోల్‌కీపర్ ఆపితే చుక్క పెట్టేదాన్ని. నన్నెవరూ చుక్కలు పెట్టమనలేదు. ఆపినవాడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదన్న ఉక్రోషంతో నేనే మొదలుపెట్టాను.

ఆ ఏడే మా తమ్ముడి కొడుకు, ఈ మేనల్లుడే, గోల్‌కీపర్‌గా మొదటిసారి జీతం మీద ఆడాడు. వంతెన అవతల తమ్ముడివాళ్ళుండే మాంగో పేట కుర్రాళ్ళతో కట్టిన జట్టు అది. వాళ్ళ ముందువరసకి గోలు ఏ దిక్కున ఉందో తెలీదు, వెనకవరసకి బంతంటే భయం. వాళ్ళందరి పాపం వీడి నెత్తిన పడేది. పధ్నాలుగు ఆటల్లో పదకొండు ఓడిపోయారు. అయినా వీడు నిలబడిన తీరు నేను మర్చిపోలేను. ఒళ్ళంతా మట్టి, మోచేతులు చెక్కుకుపోయి, ఒక గోలు పడగానే బంతి తీసి తుడిచి మధ్యకి విసిరి, మళ్ళీ మోకాళ్ళు వంచి సిద్ధం. ఎవరినీ తిట్టేవాడు కాదు. నా పుస్తకంలో వాడి పేజీలు చుక్కలతో నిండిపోయేవి. మేనత్తని కాబట్టి ఎక్కువ పెడుతున్నానేమోనని ఇంటికొచ్చి, చుట్టుపక్కల వాళ్ళు ఫోన్లలో తీసిన వీడియోలు పెట్టుకుని సరిచూసేదాన్ని. రెండు మూడు చోట్ల తక్కువే పెట్టానని తేలింది.

లీగు చివర కొత్త ఆటగాడి అవార్డు ఉండేది. కప్పు చూస్తే నవ్వొస్తుంది, మా ఇంట్లో పెన్నులు పెట్టుకునే గ్లాసంత. కానీ అది గెలిచినవాడిని పెద్ద క్లబ్బు శిక్షణ శిబిరానికి పిలిచి, ఏడాది ఒప్పందం మీద తీసుకునేది. మొదటి ఏడు ఆడేవాళ్ళకే ఆ అవార్డు, రెండో ఏడు ఎంత బాగా ఆడినా రాదు. తేల్చేవాళ్ళం ముగ్గురం. కమిటీ పెద్ద, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయిన ఒక బెంగాలీ దాదా. రెండో ఆయన మాంగోలో పిల్లలకి ఆట నేర్పే కోచ్, తమ్ముడికి పక్కవీధి. మూడో మనిషిని నేను.

ఇక్కడే మావాళ్ళు, మావాళ్ళు మాత్రమే చెయ్యగల పని ఒకటి చేశారు. మా తెలుగు చర్చి సంఘంలో ఇంట్లో మంచి జరిగితే కృతజ్ఞత కూటం పెట్టుకుంటాం. పాస్టరుగారు వాక్యం చెప్తారు, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు, తర్వాత బిర్యానీ. మేలు జరిగాక పెట్టుకోవాలి, అది పద్ధతి. కానీ కోచ్ నోరు ఊరుకోక, నా ఓటు మీవాడికే అని తమ్ముడికి చెప్పేశాడు. ఇంకొక ఓటు అక్కది. మూడింట్లో రెండు మనవే అయ్యాక ఇంకేం కావాలి?

తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పాస్టరుగారికి సెప్పేసినాను. శనివారం సాయంత్రం మనింట్లో కూటం. నువ్వు పెందలాడే వచ్చీ."

"ఏటి కూటంరా? మీటింగు శుక్రవారం గదా, ఇంకా ఏటీ తేలనేదు."

"తేలకపోడమేటి? నువ్వున్నావు గదా!"

ఆ ఆదివారం గుడిలో ప్రకటనల వేళ అది కూడా చదివేశారు. మరదలు నా పక్కకి జరిగి, "వదినా, కేకు మీద పిల్లడి పేరొకటే రాయించీమంటావా, కంగ్రాట్స్ కూడా రాయించీమంటావా?" అని గుసగుసగా అడిగింది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేను పెళ్ళిలో కూడా చూడలేదు. నాకు కోపం రావాల్సింది. రెండూ రాయించమన్నాను.

శుక్రవారం కమిటీ గదిలోకి అడుగుపెట్టగానే దాదా టీ గ్లాసు నా వైపు జరిపి నవ్వాడు. "మేడమ్, సునా హై ఆప్‌కే ఘర్ మే కేక్ భీ ఆ గయా." మీ ఇంట్లో కేకు కూడా వచ్చేసిందటగా అని. ఫ్యాక్టరీలో దాదా కింద పనిచేసిన తెలుగువాళ్ళు మా గుడికే వస్తారు, ఆ సంగతి నేనే మర్చిపోయాను. ఆయన నవ్వులో విషం లేదు, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. ఆ పూట మాత్రం నా చెవులు కాలిపోయాయి. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో ఏ పిల్లకీ ఏ పిల్లాడికీ పక్షపాతం చూపించలేదన్న పేరు నాది. ఆ పేరు ఒక కేకు కింద పడి నలిగిపోతోందని అనిపించింది.

దాదా, కప్పు గెలిచిన జట్టులో గోల్స్ కొట్టిన కొత్తవాడి పేరు చెప్పాడు. కోచ్, మావాడి పేరు చెప్పాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు. పుస్తకం నా సంచిలోనే ఉంది. తెరవలేదు. నేను నిటారుగా కూర్చుని ఉపన్యాసం ఇచ్చాను. ఆట ఒక్కడిది కాదు, జట్టుది. జట్టుని గెలిపించలేని ఆటకి అవార్డు ఇస్తే రేపు ప్రతివాడూ తన గొప్పే చూసుకుంటాడు. అయినా ఓడే జట్టు గోల్‌కీపర్ మీదకి బంతులు ఎక్కువ వస్తాయి కాబట్టి ఎక్కువ ఆపినట్టు కనిపిస్తాడు. కాబట్టి నా ఓటు గెలిచిన జట్టు కుర్రాడికే. ఎంత చక్కగా చెప్పానంటే, దాదా తల ఊపుతూ విన్నాడు. అందులో కొంత నిజం ఉంది కూడా. టీవీలో కోట్ల పెద్దమనుషులు ఇప్పటికీ అదే వాదిస్తున్నారు. కానీ నేను దాన్ని నమ్మి చెప్పలేదు, భయపడి చెప్పాను. కోచ్ నా సంచి వైపు చూపించి, "మేడమ్, కాపీ తో ఆప్‌హీ నే భరీ హై" అన్నాడు. ఆ పుస్తకం రాసింది మీరే కదా అని. నేను టీ తాగాను.

శనివారం కూటం ఆగలేదు. గుడిలో ప్రకటించాక ఎలా ఆపుతారు? వంతెన మీద ఆటోలు కదలక నేను ఆలస్యంగా వెళ్ళాను, నడిచి వెళ్ళినా ముందే చేరేదాన్నని నాకు తెలుసు. వంటింట్లో మరదలు నాకు వీపు పెట్టి, చెంచాతో కేకు మీది అక్షరాల్ని చదును చేస్తోంది. నీలం రంగు క్రీము తెల్లదాంట్లో కలిసి కేకంతా మబ్బు పట్టింది. నన్ను చూసి, "కూకోండి వదినా, తమకి టీ ఇత్తాను" అంది. అంతే. ఎప్పుడూ నువ్వనే మనిషి ఆ రోజు తమరంది.

పాస్టరుగారు పాపం, ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి అన్న వాక్యం పట్టుకుని ఎలాగో లాక్కొచ్చారు. తర్వాత సాక్ష్యానికి మేనల్లుడు లేచాడు. తెలుగు సరిగ్గా రాదు వాడికి, చేతులు కట్టుకుని వెతుక్కుంటూ మాట్లాడాడు. "అవార్డు రానేదు. మా అత్త ఓటు నాకు వెయ్యనేదు. కానీ అత్త ఎప్పుడూ ఫెయిర్‌గా ఉంటాది. అత్త అన్ని మ్యాచులూ చూసింది. అత్తే వద్దంటే నేను ఇంకా అంత ప్లేయర్‌ని కాదు. ఆ సంగతి తెలిసింది, అందుకు దేవుడికి స్తోత్రం." అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. లేచి నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు, అందరూ ఉన్నారు, వాడూ ఉన్నాడు. నేను మాత్రం బిర్యానీ తిని, మజ్జిగ తాగి, ఆటో ఎక్కాను.

తర్వాతి ఏడు వాడు ఆడలేదు. జట్టువాళ్ళు ఇంటికొచ్చి అడిగారట, కోచ్ వేరే ఊళ్ళో జట్టు ఎంపికలకి తీసుకెళ్తానన్నాడట. అత్త చెప్పేసింది కదా అన్నాడట వీడు. ఆ మాట నాకు చేరేటప్పటికి గోవింద్‌పూర్ పనిలో కుదిరిపోయాడు. అవార్డు అందుకున్న కుర్రాడు కూడా రెండేళ్ళకే మోకాలు పాడై తిరిగొచ్చేశాడని విన్నాను. ఆ వార్త విని నాకు ఏ ఓదార్పూ కలగలేదు.

పోయిన ఆదివారం టీవీలో వాదన తేలకుండానే ప్రకటనలు వచ్చాయి. ఇక ఆపుకోలేకపోయాను. "ఒరే, ఆ రోజు నేను సెప్పింది అబద్ధంరా. నువ్వే బాగా ఆడినావు. నా పేరు పోద్దని భయపడి అలాగేసినాను" అన్నాను. బీరువాలోంచి పాత నోటుపుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టాను. వాడు వంగని వేళ్ళతోనే పేజీలు తిప్పాడు. చుక్కలు చూశాడు. నవ్వి పుస్తకం మూసి, నా చెయ్యి పట్టుకున్నాడు. "ఛోడోనా అత్తా, వదిలెయ్యి. అప్పుడు ఫెయిర్‌గా సెప్పినావు. ఇప్పుడు ప్రేమతో సెప్తన్నావు. నాకు తెలీదేటి?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చేపలు ఫ్రిజ్‌లో పెట్టమని రెండుసార్లు గుర్తుచేసి, షిఫ్టుకి టైమైందని వెళ్ళిపోయాడు. ఆ శనివారం లేచి చెప్పి ఉంటే ఆ మాట వాడికి నిజంలా చేరేది. ఎనిమిదేళ్ళు దాచి తీసేసరికి అదే మాట ఓదార్పుగా మారిపోయింది.