కల్లం మీద నీలం

మా ఆయనకు నిజామాబాద్‌లో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. రంగు ఫిల్మ్ అప్పట్లో మా వంటివాళ్లకు అందేది కాదు. ఆయన నలుపు తెలుపులో తీసి కడిగిన ఫొటోలకు నేను పుల్లకు దూది చుట్టి రంగులు అద్దేదాన్ని. పెళ్లికూతురి బుగ్గకు గులాబీ, చీర అంచుకు బంగారు రంగు. ఆ పని నిద్రలో లేపి చెయ్యమన్నా చేసేదాన్ని. కొంచెం పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు? ఆ పొగరు మా బాపు కల్లం దగ్గర దిగింది.

నందిపేట దిక్కు గోదావరి ఒడ్డున మాది పసుపు పండించే ఇల్లు. నది మీద ప్రాజెక్టు కట్టడంతో మా ఊరు ముంపులోకి వచ్చింది. ఊరు ఖాళీ చేసే ముందు ఒక సాయంత్రం మా ఆయన బస్సులో కెమెరా మోసుకొచ్చి కల్లాన్ని ఫొటో తీశాడు. ముందర ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు, పక్కన గంపలు, వెనక నది, నది అవతల గట్టు. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి, కల్లం మునిగింది. మా అమ్మానాన్నలు, అవ్వా బాపూ, కొత్త ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు.

ఆ ఇంట్లో బాపు మాట్లాడడం తగ్గించాడు. పొద్దంతా గోడ కేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు మా అవ్వ పట్నం వచ్చి నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నీ బాపు అన్నం సుత సరిగ తింటలేడు బిడ్డా. నాకైతె బయమైతుంది. ఆ కల్లం ఫొటోకన్న రంగులద్ది ఇయ్యి. పానం కుదుట పడ్తదేమో."

అదెంత పని అనుకున్నాను. పసుపుకు పసుపు రంగు, ఆకాశానికి కాషాయం, నదికి కూడా కొంచెం ఎరుపు, గట్టుకు ఇటుక రంగు. నిగనిగలాడుతున్న ఫొటో తీసుకుపోయి బాపు చేతిలో పెట్టాను.

"జాతర లెక్కున్నది బిడ్డా. మన కల్లం కాదిది," అని తిరిగి ఇచ్చేశాడు.

నాకు రోషం వచ్చింది. ఇంకో ప్రింటు కడిగించి పసుపు మరింత దట్టంగా రుద్దాను. విచిత్రం, రుద్దిన కొద్దీ అది మట్టి కొట్టుకుపోయింది! రంగు ఎక్కువైతే వెలుగు తగ్గడం ఏమిటి? మా ఆయనను అడిగితే, "నలుపు తెలుపు నా పని, రంగులు నీ పని. నన్నెందుకు అడుగుతవే?" అని నవ్వాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. కూరలో పసుపు వేస్తున్నా అదే ధ్యాస.

మా అత్తగారిది బోధన్. చెరుకు ఆడే రోజుల్లో వాళ్లింటికి పోయాను. ఫ్యాక్టరీ బాటలో చెరుకు బండ్లు బారు కట్టి ఆగి ఉన్నాయి. ఒక బండి కింద కందిలి అప్పుడే వెలిగించారు. ఎండ ఇంకా ఉంది, ఆ మంట వెలవెలబోతున్నది. ఊరికే నిలబడి చూశాను. పొద్దు దిగింది. దుమ్ము, చెరుకాకు, ఎద్దుల వీపులు అన్నీ నీలంగా మారుతూ వచ్చాయి. కందిలి మాత్రం పండినట్లు అయింది.

"వత్తి పెంచినవానే అన్నా?" అని బండి ఆయనను అడిగాను.

"లేదక్కా, నేను ముట్టనే లేదు."

మంట పెరగలేదు, చుట్టూ చల్లబడింది, అంతే! పసుపు పక్కన పసుపే ఉంటే కంటికి ఏం తెలుస్తుంది? ఇంటికి రాగానే అత్తమ్మ, "గంటసేపు బండ్లను సూసుకుంట నిలవడ్డవట, ఏమన్న గాలి సోకిందా?" అని ఆటపట్టించింది.

నిజామాబాద్ వచ్చాక ఇంకో ప్రింటు తీసుకున్నాను. పసుపు పలచగా అద్దాను. నదికి, అవతలి గట్టుకు, గంపల నీడలకు నీలం పట్టించాను. మా ఆయన తొంగిచూసి, "ఏందే, ఫొటోను నీలిమందుల ముంచి ఆరేస్తవా?" అన్నాడు. నేను పుల్లను మళ్లీ నీలంలో ముంచాను. పసుపు కళ్లముందే మేలుకుంటున్నది.

బాపు ఆ ఫొటోను వాకిట్లో వెలుతురుకు తీసుకుపోయి చాలాసేపు చూశాడు. నది మీద వేలు పెట్టాడు. భుజం మీది తువ్వాలను మెడ చుట్టూ కప్పుకున్నాడు. ఉన్నట్టుండి అవ్వను కేకేశాడు, మా ఊళ్లో ఉన్నప్పటి గొంతుతో.

"ఏమే, పొద్దు గూకింది కనవడ్తలేదా? మంచు వడ్తె పసుపు నల్లగైతది. కుప్ప జేసి కప్పలేదేందే?"

కల్లం నీళ్ల కింద ఉందని ఆయనకు ఎట్లా చెప్పాలి?

అవ్వ పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే బదులిచ్చింది.

"నేనెప్పుడో కప్పిన తియ్యి. నువ్వొచ్చి బువ్వ తిను."

బాపు లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.