అంబుజం పళ్ళెం కొట్టిన రోజు

కుక్కపిల్లను అమ్మే ముందు అంబుజం దాని వెనక నిలబడి కంచు పళ్ళెం మీద గరిటె తగిలిస్తుంది. మొదట మెల్లగా, పిల్ల పలకకపోతే గట్టిగా. చెవులు కదిలించి వెనక్కి తిరిగితే బేరం కుదిరినట్టే. తిరగకపోతే ఆ పిల్లను ఎవరికీ ఇవ్వదు. రాజపాళయం కుక్కల్లో మచ్చలేని తెల్లపిల్లలకు పుట్టుచెవుడు ఎక్కువ. పైకి చూస్తే తెలియదు. కొనేవాళ్ళు మాత్రం ఆ తెలుపుకే మురిసిపోతారు. అందుకే వాళ్ళ కళ్ళెదుట పళ్ళెం కొట్టందే పిల్లను చేతికివ్వకూడదని ఆమె తండ్రి బొమ్మయ్య నియమం పెట్టాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. పళ్ళెం అదే, గరిటె అదే.

అంబుజం ఇల్లు రాజపాళయం నుంచి చోళపురం పోయే దారిలో ఉంది. రెండు గదులు, వెనక రేకుల కింద కుక్కల కొట్టం. ఆమెకు యాభై రెండేళ్ళు. భర్త నందకుమార్ నూలుమిల్లులో ఫిట్టర్‌గా ఉండేవాడు. పన్నెండేళ్ళ కిందట ఇక్కడ మిల్లు పనివాళ్ళను తగ్గిస్తే, సముద్రం అవతలి ఒక దేశంలో మిల్లు పని దొరికిందని పోయాడు. ఆ దేశం పేరు అంబుజం పలకదు. "ఆ ఊరు" అంటుంది, అంతే.

అతను పోయిన పదో నెలలో అక్కడి కార్మికులు జీతాల కోసం మిల్లు గేటు ముందు కూర్చున్నారు. సైన్యం వచ్చింది. "పోతున్నాం, కాల్చొద్దు" అని చేతులెత్తి అరిచినవాళ్ళ మీద కాల్పులు జరిపింది. పదకొండు మంది చనిపోయారు. వాళ్ళలో నందకుమార్ ఒకడు. పెట్టె ఇంటికి వచ్చింది. మూత తెరవొద్దని చెప్పి పెట్టారు.

తర్వాత విచారణ జరిగింది. ఆ రోజు కాల్చమన్న అధికారి కమిషన్ ముందు ఒక్క మాట చెప్పాడు: "ఫిరంగుల మోతకు నా చెవులు ఏనాడో పోయాయి. వాళ్ళ అరుపులు నాకు వినపడలేదు." కమిషన్ నమ్మింది. డాక్టరు సర్టిఫికెట్ కూడా అడగలేదు. ఆ పేజీని తనకు చదవొచ్చిన తమిళంలో రాయించుకుని అంబుజం బియ్యం డబ్బా అడుగున దాచుకుంది. బియ్యం తీసిన ప్రతిసారీ అది చేతికి తగిలేది. తగలాలనే అక్కడ పెట్టుకుంది.

ఆ అధికారి ఒక్కో పదవీ ఎక్కుతూ పోయాడు. ఆ దేశపు సైన్యానికే పెద్ద అయ్యాడు. ఈ ఏడాది మన ప్రభుత్వం అతన్ని ఢిల్లీకి పిలిచి గౌరవ పతకం పెట్టింది. దేశాలు ఒకరి సేనాపతులకు ఒకరు పతకాలు పెట్టుకోవడం మామూలే. దానికి స్నేహమని పేరు. పతకం గుచ్చే చేతికి ఆ చొక్కా మీద ఎవరి నెత్తురు ఎండిపోయిందో చూసే తీరిక ఉండదు. చచ్చినవాళ్ళలో ఒకడు రాజపాళయం మనిషన్న సంగతి ఆ ఫైలులో లేకపోవచ్చు. ఉండి కూడా పెట్టారంటే అది ఇంకా పెద్ద సిగ్గు.

ఈ పతకం సంగతి అంబుజానికి సోమవారం దాకా తెలియదు. ఆ రోజు గాయాలకు చుట్టే కట్టుగుడ్డ నేసే మిల్లు మేనేజరు సురేష్‌బాబు బైకు మీద వచ్చాడు. ఆమె కూతురు జీవిత ఆ మిల్లు ఆఫీసులోనే పని చేస్తుంది.

"అక్కా, గురువారం మన మిల్లుకు ఫారిన్ జనరల్ వస్తా ఉన్నాడు. ఢిల్లీలో పెద్ద విరుదు ఇచ్చినారంట. వాళ్ళ సైన్యానికి కట్టుగుడ్డంతా మన దగ్గరే కొంటాడంట. మనూరి గుర్తుగా ఒక కుక్కకుట్టిని ఇయ్యాలని మిల్లు ముదలాళి చెప్పినాడు. నీ దగ్గర ఉండాది గదా, మచ్చ లేకుండా పాలమాదిరి? ఫోటోలో బాగుండాల."

"ఏ దేశపు జనరల్ సురేషూ?"

చెప్పాడు. ఫోనులో ఫోటో, దాని కింద పేరు కూడా చూపించాడు. బియ్యం డబ్బా అడుగు కాగితంలో ఉన్న పేరే అది. ఆ దేశం పేరు చెబుతున్నప్పుడు అతనికి నందకుమార్ గుర్తుకు రాలేదు. ఊరే మరిచిపోయింది, అతన్ని అని ఏం లాభం? అంబుజం ఫోను చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఇస్తాను పో. నాకన్నా మంచి కుట్టి వాడికి ఎవురిస్తారు?"

సాయంత్రం జీవిత వచ్చేసరికి అంబుజం కొత్త ఈతలోని ఆరు కుక్కపిల్లల్లో ఒకదాన్ని వేరే బుట్టలో పెట్టి ఉంది. తెల్లటి పిల్ల, గులాబీ ముక్కు. పళ్ళేనికి పలకని పిల్ల అదొక్కటే.

"అమ్మా, ఇది చెవుడుది గదా?"

"ఆమా, చెవుడుదే. వాడికే. పొద్దస్తమానం పిలస్తానే ఉండాల. ఇది తిరిగి చూడకూడదు. పిలిస్తే పలకకుంటే ఎట్టా ఉంటాదో వాడికి తెలియాల."

ఆ 'వాడు' ఎవరో తల్లి చెప్పాక జీవిత పిల్లను బుట్టలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తండ్రి పోయినప్పుడు ఆమెకు పదకొండేళ్ళు.

"వాడికి ఏం తెలస్తాదిమ్మా? నాలుగు దినాలు చూస్తాడు, తన్నిస్తాడు, కాల్చి పారేయిస్తాడు. నోరులేని కుట్టి ఏం చేసినాది? పళ్ళెం కొట్టకుండా ఇస్తే తాత ఒప్పుకునుండునా?"

అంబుజం గోడకు ఆనించి ఉన్న పళ్ళెం వైపు చూసింది. లేచి దాన్ని చింతపండుతో తోమడం మొదలుపెట్టింది.

"సరి. తాత చెప్పినట్టే. వాడి ఎదురుగానే కొట్టి ఇస్తాను."

జీవితకు అర్థమైంది. "స్టేజీ మీదనా?"

"కమిషన్‌వాళ్ళు చేయని పరీక్ష ఒకటి ఉండాది గదా. మిల్లులో నీ పని పోతాది పాపా."

"పోనీ. ఇంగ్లీషులో చెప్పేదానికి నీకు ఎవురుండారు, నేను కాకుంటే?"

పళ్ళెం సంగతి ఫోనులో చెబితే సురేష్‌బాబు ఎగిరి గంతేశాడు. "సూపర్ అక్కా! మనూరి పద్ధతి. టీవీవాళ్ళకు బాగా నచ్చతాది!"

గురువారం మిల్లు హాలులో షామియానా, నాదస్వరం, పూలు. జనరల్ ఎత్తయిన మనిషి. ఛాతీ మీద కొత్త పతకం, దానికి పట్టు రిబ్బను. శాలువాలు కప్పడం అయ్యాక కుక్కపిల్లను అతని ఒడిలో పెట్టారు. ఇద్దరి మొహాలూ కెమెరాల వైపు ఉన్నాయి. పిల్ల రిబ్బను పట్టుకుని కొరకసాగింది. హాలంతా నవ్వింది. జనరల్ కూడా నవ్వాడు.

అంబుజం కుర్చీ వెనకకు పోయి నిలబడింది. గరిటె అంచుతో పళ్ళెం మీద మెల్లగా తాకించింది. గాజులు తగిలినంత చప్పుడు.

పిల్ల రిబ్బను కొరుకుతూనే ఉంది. జనరల్ తల పక్కకు తిప్పి, ఏమిటది అన్నట్టు చూశాడు. మళ్ళీ కెమెరా వైపు తిరిగాడు.

రెండో దెబ్బ ఆమె పదకొండేళ్ళ కసితో కొట్టింది. జనరల్ కుర్చీలోంచి సగం లేచాడు. చెయ్యి తుపాకి కోసం నడుము దగ్గరికి పోయింది. పిల్ల మాత్రం చెవైనా కదిలించలేదు.

"అందరూ చూసినారు గదా," అంది అంబుజం మైకు దగ్గరికి వచ్చి. "కుట్టికి వినపడలే. ఈ అయ్యకు మెల్లగా కొట్టినా వినపడింది."

జీవిత పక్కనే నిలబడి ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో చెప్పింది. మిల్లు గేటు, తేదీ, పదకొండు మంది, నందకుమార్ పేరు, కమిషన్ ముందు ఇతను చెప్పిన మాట. మధ్యలో ఎక్కడా ఆగలేదు. జనరల్ మొహంలో నవ్వు ఎక్కడ ఆగిందో అక్కడే గడ్డకట్టింది.

సురేష్‌బాబు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఏం చేస్తా ఉండావు! మానం పోతాది!"

"బేరం లేదు తంబీ. చెవిటి కుట్టిని అమ్మే అలవాటు మా ఇంట్లో లేదు." ఆమె వంగి జనరల్ ఒడిలోంచి పిల్లను తీసుకుంది. దాని పళ్ళకు రిబ్బను పోగులు చిక్కుకుని ఉన్నాయి.

తల్లీకూతుళ్ళను సాయంత్రం దాకా పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టర్ గోమతి అడిగింది: "ఇట్టా చేస్తే నీకు ఏం వచ్చింది?"

"ఏమీ రాలేదు. వాడు విమానమెక్కి పోయినాడు. విరుదు వాడి మీదే ఉండాది. నాకు చాలలేదు మేడం."

ఆ మాట నిజం. జీవిత ఉద్యోగం మర్నాడే పోయింది. మిల్లువాళ్ళు అంబుజం దగ్గర కుక్కపిల్లల్ని కొనడం మానేశారు. ఢిల్లీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కానీ ఆ వీడియో సముద్రం దాటింది. నెల తర్వాత చచ్చినవాళ్ళ కుటుంబాల తరఫున అక్కడి లాయరొకడు ఫోను చేశాడు. విచారణ మళ్ళీ తెరవమని కోర్టులో కేసు వేశారట. సాక్ష్యానికి ఆ పళ్ళెం పంపగలరా అని అడిగాడు.

జీవిత తల్లికి చెప్పింది. అంబుజం చెవిటిపిల్లకు పాలు పోస్తూ తలెత్తలేదు.

"పళ్ళెం పంపించనని చెప్పు. నేనే తెచ్చి కొడతానని చెప్పు."

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టారు. పాస్‌పోర్టు కోసం జరిగే పోలీసు విచారణకు పోయినవారం ఇంటికి వచ్చింది ఆ ఇన్‌స్పెక్టర్ గోమతే. గడపలో నిలబడి, గోడకున్న పళ్ళెం వైపు ఒకసారి చూసి, అడగాల్సినవి అడిగి, అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టి పోయింది.