బూట్ల తమ్ముడు

మొన్న మహబూబ్‌నగర్‌లో చెప్పులు కొనడానికి వెళ్తే, దుకాణంలో కొత్త తోలు వాసన గుప్పుమంది. చీలమండలు దాటే బూట్లు, దళసరి అడుగు, ఇత్తడి రింగుల్లోంచి లేసులు. "చాన పాత మోడల్ మేడం. చలిదేశాలల్ల కొండలెక్కేటోళ్లకు, కట్టెలు కొట్టేటోళ్లకు కుట్టిండ్రంట. ఇప్పుడు కాలేజీ పోరగాళ్లు తొడుగుతున్నరు" అని అమ్మే అబ్బాయి దాని చరిత్రంతా చెప్పుకొచ్చాడు. అలాంటి జతకే ఇంకో చరిత్ర నాకు తెలుసు. చెప్పులు కొనకుండానే బయటికి వచ్చేశాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో వ్యవసాయ విస్తరణాధికారిగా నాకు మర్రిగూడలో ఉద్యోగమైంది. పత్తి చేలల్లో తిరిగి వడదెబ్బ తగిలి దవాఖానలో పడితే, సెలైన్ పెట్టిన నర్సు సుగుణమ్మ. ఊరందరికీ సిస్టరమ్మ. "తోడెవరున్నరు బిడ్డా?" అని అడిగి, ఎవరూ లేరన్నాక సాయంత్రం తన వెంట ఇంటికి తీసుకెళ్లింది. వీధి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేసరికి, గడప ముందు మెట్టు మీద మగవాళ్ల బూట్లు కనబడి నేను ఆగిపోయాను. "రా, ఏమనడు. మా తమ్ముడు" అంది నవ్వుతూ. లోపల ఎంత వెతికినా తమ్ముడు లేడు.

భర్త వదిలేసి పోయాక ఆమె ఉద్యోగం చేసిన ఊళ్లన్నీ ఒంటరిగానే చేసింది. ఒక ఊళ్లో తాగినవాడెవడో తలుపు బాదాడట. "తెల్లారి వాణ్ని ఎవ్వరు అడగలే. నీ తలుపెందుకు కొట్టిండని నన్నే అడిగిండ్రు" అంది. ఆ తర్వాతే హైదరాబాద్ పాత సామాన్ల బజారులో ఈ జత కొనుక్కుని, దానికొక తమ్ముణ్ని పుట్టించింది. బోరు బండి మీద పని, చీకటి పడ్డాక వస్తాడు, తెల్లారకముందే పోతాడు. పొద్దుగూకగానే బూట్లు మెట్టు మీదికి, ఊరు లేవకముందే లోపలికి. అడుగు అరగకపోతే అనుమానం వస్తుందని, గుడ్డలు కుక్కి తానే వాటిని తొడుక్కుని పెరట్లో తిరిగేది. తెల్లచీరలో, ఆ బూట్లతో, టపటపమంటూ.

ఒకసారి తమ్ముడికి పెళ్లి సంబంధం కూడా వచ్చింది. పిల్ల డిగ్రీ చదివిందట. "వానికి సంసారం సోయి లేదని పంపిచ్చిన" అని ఆమె చెబుతుంటే ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. నవ్వు ఆగాక మెల్లగా, "నవ్వుతున్నంగని, ఒక్కోనాడు వానికి గూడ బియ్యం పోస్త బిడ్డా" అంది. ఆ ఊళ్లో నేను నిలదొక్కుకున్నానంటే ఆమె వల్లే. రైతుల మధ్య గొంతు పెంచి మాట్లాడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె మాత్రం ఎవరి గడపా తొక్కేది కాదు, నన్ను తప్ప ఎవరినీ రమ్మనేది కాదు. వస్తే బూట్ల గుట్టు బయటపడుతుందని భయం.

బతుకమ్మ పండక్కి రామన్నపేటలో మా ఇంటికి వెళ్లి, తిరిగి వచ్చిన రోజు ఆమె వీధిలోంచే నడుస్తున్నాను. ఎండ ఎక్కింది. బూట్లు ఇంకా మెట్టు మీదే ఉన్నాయి. ఎదురింటి యాదమ్మ కందులు చెరుగుతోంది.

"సిస్టరమ్మ ఏదక్కా?"

"నిన్న సంది కనబడ్తలేదు. తమ్ముడు ఇంట్లనే ఉన్నట్టుండు, బూట్లు గీన్నే ఉన్నయ్ గదా. నిన్న జర మాటలు గూడ ఇనబడ్డయ్. తమ్మునితోని మాట్లాడుతున్నదనుకున్న."

లోపల గడియ పెట్టి ఉంది. యాదమ్మ కొడుకు తలుపు పగలగొట్టాడు. రెండు రోజుల కిందటి సాయంత్రం బూట్లు బయట పెట్టి, తలుపేసుకుని, స్నానాల గదిలో జారిపడిందట. తుంటి విరిగింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. యాదమ్మ విన్న మాటలు అవే. మగమనిషి ఉన్న ఇంట్లోకి మనమెందుకని ఒక్కరూ తలుపు తట్టలేదు.

నల్లగొండ దవాఖానలో మంచం పక్కన కూర్చుంటే, నా చెయ్యి పట్టుకుంది. "మంచిగ కావలి కాసిండు బిడ్డా. ఎవ్వర్నీ రానియ్యలే" అంది. నవ్వబోయింది, రాలేదు. నేనైతే ఏడ్చేశాను. మళ్లీ ఆమె లేచి నడవలేదు. అక్క కూతురు వచ్చి తీసుకెళ్లింది, మళ్లీ వానలు పడకముందే సుగుణమ్మ పోయింది. ఇంతకాలమైనా ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

ఈ ఏడు బదిలీ మీద మహబూబ్‌నగర్ వచ్చి కిరాయి ఇల్లు చూసుకున్నాను. "ఎవరెవరుంటరు?" అని అడిగింది ఇంటామె. అన్న వస్తుంటాడని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. భయం నాకూ ఉంది, లేదనను.

"ఒక్కదాన్నే ఉంటనమ్మా" అన్నాను. "లోపల గడియ పెట్టుకోను, తలుపుకున్న తాళమే ఏసుకుంట, అది బయటినుంచి గూడ వస్తది. పొద్దెక్కినా నేను బయటికి రాకపోతే తీసి సూడుండ్రి." రెండో తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.